మార్తక్క చదివించిన కాగితం

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. ఈ ఉదయం ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి దుకాణంలో అలాంటి కాగితం ఒకటి నా చేతికిచ్చారు. ఆ వేడి తగలగానే, నిలబడ్డ చోటే, పై వరుస నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఇది మార్తక్క నేర్పిన అలవాటు. ఆమె చనిపోయి ఎనిమిది నెలలైంది.

మార్తక్క హైదరాబాదులో ఒక ఆడిటర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేసింది. తర్వాత మా ఊళ్లో ఒక షట్టర్ గది అద్దెకు తీసుకుని ఆదాయపు పన్ను రిటర్నులు వేసేది. ప్లాట్ల వెంచర్లకు పొలాలమ్మిన రైతులు, టీచర్లు, రావిర్యాల వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు వచ్చేవారు. ఎవరొచ్చినా పద్ధతి ఒకటే. ఎవరి కాగితం వాళ్లే నిలబడి పైకి చదవాలి. అంకెలు వచ్చిన చోట మాత్రం గొంతు తగ్గించుకోనిచ్చేది. ఇంగ్లీషు రానివాళ్లకు ఒక్కో వరుస తెలుగులో చెప్పి, తిరిగి చెప్పించుకునేది. ఎవరైనా విసుక్కుంటే, "నేను చదివితే నాకు తెలుస్తది. నీకెట్ల తెలుస్తది?" అనేది.

నేను నలుగురి ముందు నోరు విప్పలేని మనిషిని. ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్లేనాటికి ఏడాదిగా ఐర్లండ్‌లో వంటగది అల్మారాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తున్నాను. వాళ్ల నక్షాల్లో కొలతలు సరిచూడటం నా పని. జీతంలో పన్ను అక్కడే కోసుకునేవారు. పన్ను ఎలాగూ కట్టేశాను, ఇక్కడ రిటర్ను వేయడం అయిదు నిమిషాల పని అనుకుంటూ వెళ్లాను. మార్తక్క నన్ను నిలబెట్టి జీతం స్లిప్పు చదివించింది. సగంలో చెయ్యెత్తింది.

"ఆగు. పనెక్కడ కూసోని చేస్తవ్ పిల్లా?"

"ఇంట్లనే అక్కా. పైన రేకుల రూముల."

"ఆ దేశం ఎన్నిసార్లు పోయొచ్చినవ్?"

"ఒక్కసారి గూడ పోలె."

"చూడని దేశానికి పన్ను కడ్తున్నవ్. ఉన్న దేశానికి కడ్తలేవ్. మస్తున్నది నీ కథ!"

బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. అప్పుడామె నెమ్మదిగా వివరించింది. నేనుండేదీ, కూర్చుని పనిచేసేదీ ఇక్కడే కాబట్టి ఆ జీతం మీద పన్ను ఇక్కడ పడుతుంది. బయటి దేశం కంపెనీ దాన్ని ఇక్కడ కోసి కట్టదు గనుక, ఏడాదిలో నాలుగు విడతలుగా నేనే కట్టుకోవాలి. అక్కడ కోస్తున్నది ఆపించి, కోసింది వెనక్కి అడగాలి.

అంటే మీరు చేస్తున్నది పొరపాటని కంపెనీకి చెప్పాలి. బాపు నడుం దెబ్బతిని పని మానేశాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఈ తలనొప్పి ఎందుకని వాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటే?

"తీసేస్తరేమో అక్కా. నువ్వే ఒక మెయిల్ రాయరాదూ?"

"ఉద్యోగం నాదా? ఫోన్ చెయ్. గీడనే, ఇప్పుడే. ఆడ తెల్లారే ఉంటది."

మధ్యాహ్నం మూడు దాటింది. చెప్పాల్సిన మూడు వాక్యాలు నాతోనే రాయించి, నాతోనే అయిదారుసార్లు చదివించింది. ఫోన్ మోగుతుంటే దుకాణమంతా నిశ్శబ్దమైపోయింది. మహేశ్వరం నుంచి భూమి కాగితాలతో వచ్చిన మల్లయ్య తాత ఒక్కడే ఉండబట్టలేక, "గట్టిగ మాట్లాడు బిడ్డా, దూరం గదా!" అన్నాడు. నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వులో భయం కొంత పోయింది. మీ దేశంలో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు, ఇబ్రహీంపట్నంలో కూర్చుని పనిచేస్తున్నాను అని చెప్పాను. అవతల జీతాలు చూసే ఆమె ఊరి పేరు ఒక్కో అక్షరం చెప్పమంది. చెప్పాను. తర్వాత ఆమె క్షమించమంది, ఇది తాము ముందే చూడాల్సిందని ఒప్పుకుంది. అక్కడి పన్ను ఆఫీసులో చూపడానికి, నేను ఈ దేశ నివాసినని ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ధ్రువపత్రం పంపమంది. వచ్చే వారం నక్షాలు ఎప్పటిలాగే పంపుతామంది.

"ఏమన్నది? ఏమన్నది?" అని అందరూ ఒకేసారి అడిగారు. చెప్పగానే తాత చప్పట్లు కొట్టాడు. మార్తక్క అందరికీ చాయ్ తెప్పించింది. నా గొంతు అంత దూరం వెళ్లి ఒక పని చక్కబెట్టుకొచ్చింది! ఆ రోజు ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లి, మెట్ల కిందినుంచే బాపుకు కేకేసి చెప్పాను.

కొన్ని వారాలకు ధ్రువపత్రం వచ్చింది. మార్తక్క ప్రింటు తీసి వేడివేడిగా చేతికిచ్చి, "ఊఁ" అంది. నిలబడి చదివాను. ఊరి పేరున్న వరుస దగ్గరికొచ్చేసరికి మాటలు తడబడ్డాయి. నా ఉద్యోగం ఆ ఒక్క వరుస మీద నిలబడిందనిపించింది.

"నమలకు. మల్ల మొదటిసంది."

"సంతోషమైతుందక్కా, చదవొస్తలేదు."

"సంతోషం తర్వాత. మొదలు పేరు, ఊరు సరిగున్నయా చూడు."

ఆ పత్రం ఏ ఏడాదికి ఆ ఏడాదే తీసుకోవాలి. ఈసారి దరఖాస్తు మొదటిసారి నేనొక్కదాన్నే పెట్టాను. ఈ ఉదయం నా చేతికొచ్చింది అదే. పైకి చదువుతుంటే మిషన్ దగ్గరున్నతను తలెత్తాడు.

"ఎవలకు చదువుతున్నవ్ అక్కా?"

"నాకే తమ్మీ."

ఊరి పేరు దగ్గర మళ్లీ మాటలు తడబడ్డాయి. "నమలకు" అనడానికి మార్తక్క లేదు. పై వరుస మీద వేలు పెట్టి, మొదటి నుంచి చదివాను.