పిల్లి కోసం కూర్చున్న పిల్ల

నిచ్చెనకు మనుషులు ముక్కులతో గుర్తుండేవారు. కళ్లజోళ్ల దుకాణంలో ఆమె పని అలాంటిది. అద్దాలు లోపలి గదిలో ఎవరో అరగదీసేవారు. ఫ్రేమును ముఖానికి ఒప్పించడం మాత్రం ఈమె వంతు. కాడను వేడి చేసి, మెత్తబడ్డాక బొటనవేలితో వంచి, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవి వెనక ఆనించి చూసేది. ఒకసారి అలా చూసిన ముఖాన్ని మరిచేది కాదు. ఏళ్ల తర్వాత ఎవరైనా తలుపు తోసుకొని వస్తే, "మీకు ఎడమవైపు జారుతుంది కదూ?" అని తనే అడిగేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "కుదిరిన ముక్కు దొరకలేదు" అనేది.

నిచ్చెన బడిలో పెట్టిన పేరు. అది ఆడపిల్లల బోర్డింగు బడి. అటక మీది పెట్టెలు అందుకోవాలంటే స్టూలు వెతికే బదులు ఈమెను పిలిచేవారు. పాత విద్యార్థినులందరూ కలుసుకుందామని కబురొచ్చినప్పుడు ఆమె దుకాణానికి సెలవు పెట్టి బయల్దేరింది.

ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా చేరిన ప్రతి చిన్నపిల్లనూ ఒక పెద్దపిల్లకు అప్పజెప్పేవారు. పెద్దది తల, చిన్నది తోక. ఏడాదంతా తోక గోళ్లు కత్తిరించడం, బూట్ల తాళ్లు కట్టడం, కంచంలో మెతుకు మిగలకుండా చూడడం తల పని. తోకకు పేలు పడితే తలకు తలవంపులు. ఇప్పుడీ కలయికలో ఆదివారం పొద్దున సభ పెట్టారు. ప్రతి తలా లేచి తన తోక గురించి నాలుగు మాటలు చెప్పాలి.

శనివారం మధ్యాహ్నం నిద్రగదిలో ఇనప మంచాల మీద సంచులు పెట్టుకుంటున్నారు. అవే మంచాలు, కొత్త రంగు. చేతిసంచిని రెండు చేతులా హత్తుకున్న ఒక సన్నటి మనిషి మంచాల మధ్యనుంచి వచ్చింది.

"అక్కా! నేను. నీ తోకని."

నిచ్చెన అలవాటు కొద్దీ ముక్కు చూసింది. తిన్నటి ముక్కు. ఆ ముక్కుతో ఎవరూ గుర్తుకు రాలేదు.

"నువ్వా! అబ్బ, ఎంత ఎదిగిపోయావే!" అంది. ఆ మాట ఎవరినైనా అనొచ్చు.

తోక మొహం వెలిగిపోయింది. వెనకనున్న కాలేజీ పిల్లను ముందుకు తెచ్చింది. "మా అమ్మాయి. లాక్కొచ్చాను."

"లాక్కురాలేదు పెద్దమ్మా, బతిమాలింది. మా అమ్మకి లాగడం చేతకాదు," అంది ఆ పిల్ల. "కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు తనది. రోజంతా తిట్లు తింటుంది. అందుకే ఇంట్లో అన్నం తక్కువ తింటుంది."

"చూశావా అక్కా దీని నోరు," అంది తోక మురిపెంగా. కోప్పడడం ఆమెకు నిజంగానే చేతనైనట్టు లేదు.

టీలయ్యాక తోక నిచ్చెనను వరండా చివరికి తీసుకెళ్లింది. నాన్న ఎప్పుడో పోయాడట. అమ్మ కిందటేడు పోయిందట. అక్కచెల్లెళ్లు లేరు.

"నేను చిన్నప్పుడు ఎలా ఉండేదాన్నో చెప్పేవాళ్లు ఇంక ఎవరూ లేరక్కా. నువ్వొక్కదానివే ఉన్నావు. రేపు సభలో మా అమ్మాయి ముందు చెప్పు. నేను చెప్తే వినదు, నన్ను చూసి నవ్వుతుంది."

"ఏం చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు. ఏదైనా ఫర్వాలేదు. పక్క తడిపేదని చెప్పినా సరే."

నిజం చెప్పాల్సిన చోటు అదే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తోక ఆమె చేయి పట్టుకొని ఉంది. "అలాగేలే," అంది నిచ్చెన.

ఆమె ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. చిన్న చిన్న గోళ్లు గుర్తొచ్చాయి. బల్ల మీద పెట్టిన బూటు, ఊడిపోయిన తాడు, కంచం అంచున తోసేసిన కూర గుర్తొచ్చాయి. ఏడాది పాటు గోళ్లు చూసింది, బూట్లు చూసింది, కంచం చూసింది. ముఖం చూసినట్టు లేదు.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర గంట కనిపించింది. గంట అంటే తన ఈడుదే, తన తరగతిది. ఆమె గుసగుసలాడితే వంటింట్లో వినబడుతుందని ఆ పేరు పెట్టారు.

"నా తోక నీకు గుర్తుందా?" అంది నిచ్చెన.

"గుర్తుండకపోవడమేమిటే! పిల్లి కోసం కూర్చుంది కదా, అదే!"

ఆ గొడవ నిచ్చెనకూ గుర్తుంది, కూర్చున్న పిల్ల ఎవరన్నదే గుర్తులేదు. వంటింటి పిల్లిని వార్డెను గోనెసంచిలో కట్టించి బయట పారేయించింది. పిల్లిని తెచ్చేదాకా తిననని ఒక చిన్నపిల్ల నిండు కంచంతో మెట్ల మీద కూర్చుంది. సాయంత్రానికి దాని వెనక సగం బడి కూర్చుంది. చివరికి వార్డెనే లాంతరు పట్టుకొని పిల్లిని వెతకడానికి పోయింది.

"అది నా తోకేనా?"

"నా గొంతు మీద ఒట్టు," అంది గంట.

మర్నాడు సభలో నిచ్చెన ఆ కథే చెప్పింది. బాగా చెప్పింది. గోనెసంచి దగ్గర నవ్వారు, లాంతరు దగ్గర చప్పట్లు కొట్టారు. కూతురు తల తిప్పి తల్లిని చూసింది. పక్కింట్లోకి కొత్తగా దిగిన మనిషిని చూసినట్టు చూసింది.

బయటికొచ్చాక తోక ఆమె మోచేయి పట్టుకుంది.

"నిజంగా నేనేనా అక్కా? నాకు ఒక్క ముక్క గుర్తులేదు."

"నువ్వే. అంత చిన్నపిల్లవి, నీకెలా గుర్తుంటుంది?"

తోక రెండు చెంపలూ తడుముకుంది. భోజనాల దగ్గర ఎవరో ఆమె ముందు నుంచి వరసలో దూరబోతే, "నేను ముందున్నానండీ," అంది. అని, తనే ఉలిక్కిపడింది. కూతురు పగలబడి నవ్వి తల్లి భుజం చుట్టూ చేయి వేసింది. నిచ్చెనకు ముద్ద దిగింది.

భోజనాలయ్యాక గంట నిచ్చెన దగ్గరికి వచ్చింది. గొంతు సగానికి తగ్గి ఉంది.

"నా తోకకి ఫోన్ చేశానే. రాలేకపోయింది కదా, ఈ పిల్లి సంగతి చెప్పి నవ్విద్దామని. అటు నుంచి నవ్వు లేదు. 'అది నేనే కదక్కా' అంది."

నిచ్చెన చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నా తోకే నాకు గుర్తులేదు చూడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో."

"మరి నాది?"

గంట పెదవి విరిచింది. "నీది ఏమీ చేయలేదనుకుంటానే. చేసుంటే గుర్తుండేది కదా."

గేటు దగ్గర టాక్సీ ఆగి ఉంది. కూతురు సంచులు తేవడానికి లోపలికి వెళ్లింది. తోక ఒక్కతే నిలబడి ఉంది. నిచ్చెన వెళ్లి, ఎదురుగా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. కథ వేరొకరిది. నిన్న గుర్తుపట్టినట్టు నటించాను. పొద్దున నువ్వేనని నీ ముఖం మీదే అబద్ధమాడాను.

తోక వింటూ తల ఊపింది.

"అయితే నేనెలా ఉండేదాన్ని?"

"తెలీదమ్మా."

"నేనస్సలు గుర్తులేనా?"

"లేవు."

తోక రోడ్డు వైపు చూసింది. "ఫర్వాలేదక్కా," అంది. కౌంటర్లో తిట్టి వెళ్లేవాళ్లతో కూడా ఈ మాటే, ఈ గొంతుతోనే అంటుందని నిచ్చెనకు తోచింది. తిట్టినా బాగుండు అనుకుంది.

కూతురు సంచులు మోసుకుంటూ వచ్చింది. "అమ్మా, ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటున్నా. ఆ పిల్లి ఏ రంగు?"

తోక కూతురి వైపు తిరిగింది. ఇప్పుడు చెప్పేస్తుందని నిచ్చెన ఎదురుచూసింది. చెప్పేస్తే తన బరువు కాస్త దిగుతుందని కూడా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది.

"బూడిద రంగు," అంది తోక. "ఒక చెవి తెగి ఉండేది."

"వార్డెను నిన్ను కొట్టలేదా?"

"కొట్టడానికొచ్చింది. కొట్టుకోమన్నాను."

"నువ్వా! పెద్దమ్మా, నిజమేనా? లేకపోతే మా అమ్మ కోతలా?"

తోక అప్పుడు నిచ్చెన వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. జవాబు వచ్చేదాకా కదలని మనిషి చూపు అది. నిచ్చెన ఆ ముఖాన్ని మొదటిసారి పూర్తిగా చూసింది.

పొద్దున చెప్పింది పొరపాటు అనడానికి, గంట మాట నమ్మానన్న సాకు ఉంది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

"నిజమే," అంది నిచ్చెన. "కొట్టుకోమంది. నేను పక్కనే ఉన్నాను."

కూతురు తల్లి చేతిలోని సంచి కూడా తీసుకొని భుజానికి తగిలించుకుంది. తల్లిని ముందు ఎక్కించి, తను ఎక్కింది. టాక్సీ కదిలాక కిటికీలోంచి చేయి ఊపింది. తల్లి నేరుగా ముందుకు చూస్తూ ఏదో చెబుతోంది. ఆ పిల్ల చేయి లోపలికి తీసుకొని, తల్లి వైపు తిరిగి వినసాగింది.