పలకల షెడ్డులో ఆకాశం

బట్టల దుకాణం మూసి బొమ్మలు చూడడానికి మార్కాపురం పోతానంటే మా ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది. జ్వరమేమీ లేదు. గిద్దలూరులో పొద్దున రైలెక్కాను. కంభం దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా కూర్చున్న పెద్దామె, "బొమ్మలు చూసేదానికి రైలెక్కినావా! పనీపాటా లేదా ఏంది నాయనా?" అని నవ్వింది. మా ఆవిడకు చుట్టమై ఉండాలి.

మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషను ఊరికి దూరం, ఆటో నిండేదాకా కదలదు. ముందు కడుపు నింపుకోండి.

పదకొండు గంటలకు మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు చేరాను. ప్రదర్శన అక్కడే. లోపల అడుగుపెట్టాను. తలుపంత నల్లటి పలకరాళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద సుద్దతో గీసిన మనుషులు, అందరూ తలెత్తి చూస్తున్నారు. పైన కొంగలు, గువ్వలు, గద్దలు. ఆకాశానికి మాత్రం ఏ రంగూ లేదు. రాయిని ఖాళీగా వదిలేసిన చోటల్లా ఆకాశమే. అంత పెద్ద ఆకాశాన్ని నేను ఆరుబయట కూడా చూడలేదు.

"చెరిగిపోవా?" అని చిత్రకారుడు మస్తాన్‌ను అడిగాను.

"పలక మీద గీసినాక భయపడితే ఎట్లన్నా?" అన్నాడు. కానీ చూపంతా వాకిలి మీదే ఉంది. మరునాడు ఇవన్నీ హైదరాబాదు పోతాయట. ఒకప్పుడు ఇదే షెడ్డులో పనిచేసిన వాళ్లమ్మ కాశింబీ ఇంకా రాలేదట. "బొమ్మలు కూడు పెడతాయా అంటాది. ఒక్కసారి వచ్చి చూస్తే చాలన్నా."

రెండున్నరకు ఆమె వచ్చింది. నేరుగా అన్నిటికంటే పెద్ద రాయి దగ్గరకు పోయింది. 'ముట్టుకోవద్దు' అన్న అట్ట పక్కనే ఉంది కానీ ఆమెకు చదువు రాదు. పగులుందేమోనని వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, కొంగుతో బరబరా తుడిచేసింది. ఫ్యాక్టరీలో చేతికొచ్చిన ప్రతి పలకనూ అట్లాగే తుడిచేదట. బొమ్మ నడిమధ్య ఎగురుతున్న కొంగ మాయమైంది.

కొంగుకంటిన సుద్ద చూసుకున్నాక ఆమెకు అర్థమైంది. "అయ్యో నాయనా, నీ కొంగను తుడిచేస్తినే!" అంది.

మస్తాన్ ముఖం పాలిపోయింది. కాసేపటికి సుద్దముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే గియ్యి మా."

"నాకేం వచ్చురా? పలకలు చేసినాను గానీ, ఎప్పుడన్నా రాసినానా?"

"ఈ పొద్దు రాయి."

సుద్దను ఎలా పట్టుకోవాలో తెలియక గుప్పిట్లో బిగించింది. వంకరగా ఒక గీత, దాన్ని తాకుతూ ఇంకొకటి. రెక్కలే అనుకోవాలి. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి తలెత్తి చూసింది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఇది గూడా హైదరాబాదు పోతాదా?" అని మెల్లగా అడిగింది.

"అదే ముందు పోతాది మా."

సాయంత్రం గిద్దలూరు బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ల నొప్పి తెలియలేదు. ఆ చేతులు తుడిచి పంపిన పలకల మీద ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారో! ఆమెకు వంతు వచ్చిన రోజు నేను అక్కడున్నాను.