వాక్యం మధ్యలో ఉరుము

ఈ మధ్యాహ్నం జగ్గయ్యపేట దగ్గర, నేను ఏళ్ళుగా వాక్యం చెప్పే ఊళ్ళో ప్రార్థన కూడిక. జలప్రళయం గురించి చెప్పడానికి వెళ్ళా. మా కీబోర్డు వాయించే ప్రవీణ్‌కి నందిగామలో ఎవరో ఇరవై నిమిషాల ప్రోగ్రెసివ్ రాక్ పాట వినిపించారట. నా వాక్యానికి ఆవలించే మనిషి దాన్ని కదలకుండా విన్నాట్ట.

“గొంతు వినపడక ముందే గాలి, చినుకులు, ఉరుము వస్తాయన్నా. మనిషిని వానలో నిలబెట్టాకే పాట మొదలెడతారు. మనమూ చేద్దాం,” అన్నాడు. కానీమన్నా.

నేను గ్రంథం తెరిచి ఓడ తలుపు దాకా వచ్చేసరికి స్పీకర్లలో గాలి లేచింది, చినుకులు పడ్డాయి. ఉరుము వినపడగానే హాలంతా లేచి బయటికి పరిగెత్తింది. కల్లాల్లో మిర్చి ఆరబోసుకున్నారు మరి. బయటేమో నిప్పులు చెరిగే ఎండ. ప్రవీణ్ చెవి మెలిపెడదామన్నంత కోపం వచ్చింది.

మిర్చి మీద పట్టా కప్పేసి, ఆనక ఎండ చూసుకుని మరియమ్మ గారు రొప్పుతూ తిరిగొచ్చింది. “ఏమనుకోకండి అయ్యగారూ, ప్రళయం వస్తదని మీరు ఇన్నేళ్ళుగా చెప్తున్నా మేం ఒక్కరం కదల్లేదు. ఈ కీబోర్డాయన రెండు నిమిషాల్లో పరిగెత్తించాడు,” అంది.

మీరే చెప్పండి, వచ్చే వారానికి నేను వాక్యం చదువుకోవాలా, ఉరుములు నేర్చుకోవాలా?