మంచి గడ్డ

నా చిన్నప్పుడు మా చిన్నాన్న ఛాతీలో, గుండె పక్కన గడ్డ ఉందని తెలిసిన రోజు ఇల్లంతా ఏడ్చింది. అది కేన్సరు కాదని శ్రీకాకుళం డాక్టరు చెప్పిన రోజు ఇల్లంతా నవ్వింది. ఆపరేషను చేసి తీసేయాలని కూడా ఆయన చెప్పారట. ఆ మాట మాత్రం బస్సు దిగి మా సముద్రపు ఒడ్డుకి చేరేసరికి ఎవరి చెవిలోనూ మిగల్లేదు. మా నాయనమ్మ వెంటనే గంగమ్మ తల్లికి మొక్కు తీర్చేసింది. మొక్కు తీరాక ఒంటి మీద కత్తి పెట్టించుకుంటే అమ్మను నమ్మనట్టేనని పట్టుబట్టింది.

నాకేమో ఏమీ అర్థమయ్యేది కాదు. మంచి గడ్డ అంటారు. మరి చిన్నాన్న పడుకోలేడు, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తాడు. వల లాగడానికి వంగితే మొహం ఉబ్బిపోతుంది, మెడ నరాలు తేలతాయి. మంచిదైతే ఊపిరెందుకు ఆడదు? అడిగితే నాయనమ్మ కసిరేది. పెద్దవాళ్లతో పాటు సంతోషపడాలో, చిన్నాన్న గొంతులో పిల్లికూతలు విని భయపడాలో తేలక తిరిగేదాన్ని.

ఒక పొద్దున్న చిన్నమ్మ, అంటే ఆయన భార్య, కొత్త వలను ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా కుప్ప పోసింది. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. వలను దాటడం మా వాళ్లలో మహాపాపం. బయటికి పోవలసిన నాయనమ్మ లోపలే నిలబడి చిందులు తొక్కింది.

"ఒసే, పిచ్చెక్కిందేటే నీకు? దారికడ్డంగా ఏసినావు!"

"ఏటైనాదత్తా? మంచి వలే కదా. సిరుగు నేదు, ముడి నేదు. నిన్నేటి సేస్తాది?"

"మంచిదైతే? నాను బయటికెలాగెల్తాను?"

"నీ కొడుకు ఊపిరీ అదే అడుగుతన్నాదత్తా," అని చిన్నమ్మ భోరుమంది.

నాయనమ్మ తనే వంగి వలను పక్కకు లాగడం మొదలుపెట్టింది. నేనూ ఒక కొస పట్టుకున్నాను. ఆ వారంలోనే చిన్నాన్నను విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషను చేయించారు.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం ఆయన చాప మీద వెల్లకిలా నిద్రపోయాడు. అంత హాయిగా ఎలా పడుకున్నాడో నమ్మలేక, చిన్నమ్మ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తూనే కూర్చుంది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా "భయం లేదట, మంచి గడ్డేనట" అంటూ స్వీట్లు పంచితే సంతోషించాలో వణకాలో నాకీనాటికీ తెలియదు. స్వీటు చేతిలో పట్టుకుని, "ఎక్కడుందమ్మా?" అని మాత్రం అడుగుతాను.