ల్యాంపు రూములో ప్రేమ మాటలు

మా గడీ చేజారాక నేను గోదావరిఖనిలో బొగ్గుగని గుమస్తాగా చేరాను. అక్కడ ల్యాంపు రూము పెద్దాయన ఒక్కడే నన్ను ఇంకా దొరా అనేవాడు. నేను వద్దనలేదు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా క్లబ్బులో తెరకట్టి వేసే పాత ప్రేమ సినిమాల్లోది. విన్న మాటకు అర్థం మరునాడు నన్నడిగి తెలుసుకునేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం అందిస్తూ, రైలెక్కే ప్రియుడితో నాయిక అన్నట్టు, "కమ్ బ్యాక్ టు మీ, డార్లింగ్" అనేవాడు.

"నేనేమన్న నీ మొగన్నా, కాకా?" అని బొగ్గు నింపే కార్మికుడొకడు రోజూ ఎగతాళి చేసేవాడు.

ఒకనాడు గని లోపల కప్పు కూలింది. షిఫ్టు ముగిసినా ఆ కార్మికుడి దీపం దాని అరకు చేరలేదు. అంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. పెద్దాయన తన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. ఆ ఖాళీ అరనే చూస్తూ నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా ఆ కార్మికుడు కుంటుకుంటూ వచ్చి దీపం చేతికిచ్చాడు.

"వచ్చిన, కాకా. తిరిగొచ్చినోనితోని ఇంగ్లీషుల ఏమంటరు?"

పెద్దాయన దీపం తుడిచి అరలో పెట్టాడు.

"నాకు తెల్వది బిడ్డా. ఆ సినిమాల పోయినోడు మళ్ల రాలే."