అమ్మ పిండిన జెల్ బిళ్ళలు

నా పీహెచ్‌డీ పని గాయాల మీద పెట్టే మెత్తటి జెల్ బిళ్ళలు చేయడం. లోపల పసుపు నుంచి తీసిన మందు ఉంటుంది. అది ఒక్కసారిగా కాకుండా రోజుల తరబడి కొంచెం కొంచెంగా గాయంలోకి దిగాలి. ఉత్త జెల్ పట్టుకుంటేనే చిరిగిపోతుంది కాబట్టి గట్టిదనానికి గ్రాఫీన్ కలిపాను. అది బొగ్గుకు దగ్గరి చుట్టం. అందుకే బిళ్ళలు కటిక నలుపు.

"గింత సదువు సదివి మళ్ళ నలుపేనా?" అంది అమ్మ. నాన్న బొగ్గుబాయిలో డ్యూటీ ఎక్కిన నాటి నుంచి ఆమెకు నలుపుతో పగ.

సోమవారం ఆ బిళ్ళలు గైడ్‌కు చూపించాలి. పనికిరావని తేలితే అంశమే మార్చుకోమని ముందే చెప్పేశారు. ల్యాబ్‌లో ఎవరు కదిలిస్తారోనన్న భయంతో వాటిని డబ్బాలో పెట్టుకుని గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆదివారం డబ్బాను వంటగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి డబ్బా ఖాళీ.

"నా బిళ్ళలేవమ్మా?"

"అవ్వి నీయా? మీ నాయిన దుమ్ము మాస్కుల పెట్టుకునే ముక్కలనుకున్న. వేడినీళ్ళల్ల సబ్బుపొడేసి నానవెట్టి పిండిన."

బకెట్‌లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబ్బు తగిలిన పసుపు ఎర్రబడకుండా ఉంటుందా? రోజుల తరబడి దిగాల్సిన మందును నేను తల తుడుచుకునేలోగా దింపేసింది మా అమ్మ. పైగా నాకే ఫిర్యాదు.

"పసుపు పోయింది గని, నలుపు మాత్రం పోతలేదు బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"పోయింది పసుపే గదా. మళ్ళ కలుపుకోరాదు?"

కోపం ఎటు పోయిందో తెలియదు, నవ్వొచ్చింది. కానీ గైడ్‌కు ఏం చెప్పాలన్న భయం అలాగే ఉంది.

సోమవారం గైడ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఒక బిళ్ళను వేళ్ళతో సాగదీశారు. అది సాగి, మళ్ళీ మామూలుగా అయింది. బొగ్గు మరకల బట్టల్ని ఏళ్ళుగా పిండిన చేతులకు కూడా అది చిరగలేదు.

"నీళ్ళలోకి నలుపు దిగలేదా?" అని అడిగారు. గ్రాఫీన్ ఊడి ఒంట్లోకి పోతుందేమోనన్నదే మొదటి నుంచీ ఆయన అనుమానం.

"లేదు సార్. మా అమ్మ బాధంతా అదే."

ఆయన పకపకా నవ్వారు. ల్యాబ్‌లో పద్ధతిగా పరీక్షించి, మందు మళ్ళీ ఎక్కించి, ఇదే పని కొనసాగించమన్నారు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"సార్ తిట్టిండా బిడ్డా?" ఫోన్ ఎత్తుతూనే అడిగింది అమ్మ.

"లేదమ్మా. నలుపు పోలేదనే ఒప్పుకున్నరు."



"నా పెండ్లయినకాన్నుంచి," అంది అమ్మ, "నలుపు పోలేదని సంబురపడుడు గిదే మొదటిసారి బిడ్డా."