పొట్లం కాగితంలో వచ్చిన వార్త

ఇవాళ బజ్జీలు తిని, పొట్లం కాగితం చదవబోయి, ఎప్పటిలాగే భయమేసి మడిచేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుందా? అరవైల్లో మా విడవలూరు వైపు పేపరంటే శెట్టిగారి కొట్టు పొట్లమే. అమ్మ పప్పు డబ్బాలో పోసుకుని, కాగితం మోకాలి మీద సాపు చేసి, ఇరుగుపొరుగుకు చదివి వినిపించేది. క్రికెట్టు, వేరుశనగ ధర, చీరల ప్రకటన, అన్నీ పాత వార్తలే.

ఒక ఏడు తుపానులో, చేపలవేటకెళ్లిన పక్కింటి పోలమ్మక్క భర్త పడవ తిరిగి రాలేదు. కొన్నాళ్లకు చింతపండు పొట్లం విప్పి చదువుతూ అమ్మ ఠక్కున ఆగిపోయింది.

"ఆపినావేందక్కా? ఏం రాసుండారు?" అంది పోలమ్మక్క.

"మరక పడింది పోలమ్మా, కనపడలా."

కాగితం పొయ్యిలో పెట్టేసింది. అప్పటికే అమ్మ భుజం మీంచి నేను చదివేశాను. పైన తేదీ తుపానుకు ముందు రోజుది, కింద: "జాలర్లు రేపు సముద్రంలోకి వెళ్లవద్దు."